బెల్టు తీసేశాక

నేస్తం గ్లిన్‌ను పూడ్చిపెట్టి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం ఎమ్రిస్ షెడ్డులోకి వెళ్ళి లోపలి నుంచి గడియ పెట్టుకున్నాడు. బయట వాన. ఆ పలకరాతి గనుల ఊళ్ళో ఇళ్ళ కప్పులూ, రాతిపొట్టు గుట్టలూ, ఆకాశమూ ఒకే బూడిద రంగులో తడుస్తున్నాయి. షెడ్డులో కిరోసిన్ వాసన, పాత రబ్బరు వాసన. మధ్యలో బానెట్ ఎత్తిన పాతకాలం ఆకుపచ్చ కారు, మోరిస్ మైనర్.

దాని చిన్న ఇంజను పక్కన ఇప్పుడు ఆనపకాయంత అల్యూమినియం డొక్క ఒకటి కొత్తగా కూర్చుంది. సూపర్‌చార్జర్. ఇంజను తిరిగితే బెల్టు దాన్ని తిప్పుతుంది; అది కొలిమి తిత్తిలా గాలి పీల్చి ఇంజను గొంతులోకి కుక్కుతుంది. ముసలి ఇంజనుకి పడుచు ఊపిరి.

అది ఎమ్రిస్‌ది కాదు. గ్లిన్‌ది.

ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. ఒకే గనిలో పలకలు కోసినవాళ్ళు. ఇద్దరికీ మోరిస్ మైనర్లే. ఆదివారం ప్రార్థన అయ్యాక కనుమ ఎక్కడంలో పందెం. ఎప్పుడూ గ్లిన్‌దే గెలుపు. పైన రాతిగోడ మీద కూర్చుని, "వచ్చావా? నువ్వొచ్చేలోగా నాకు గడ్డం పెరిగిందిరా," అనేవాడు. గని దుమ్ము అతని ఊపిరితిత్తుల్ని తినేశాక పందాలు ఆగిపోయాయి. మంచం పట్టిన గ్లిన్ ఎవరిచేతో ఈ పాత డొక్క కొనిపించి, ఒళ్ళో పెట్టుకుని, ముక్కముక్కా తుడిచి బాగుచేశాడు.

"నా తిత్తులు ఎలాగూ పోయాయి. నా బండికైనా కొత్తవి పెట్టరా. ఒక్కసారి అది వేసే కూత విని పోతాను," అన్నాడు.

ఎమ్రిస్ సరేనని దాన్ని తన షెడ్డుకి తెచ్చాడు. ముందు తన బండికి పెట్టుకుని, ఒక్కసారి కనుమ ఎక్కి, ఆ తర్వాత గ్లిన్ బండికి బిగిద్దామనుకున్నాడు. ఒక్కసారే కదా. కానీ బిగింపులు కుదరలేదు, వారాలు దొర్లాయి. చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా గ్లిన్ కళ్ళతోనే అడిగేవాడు.

"బేరింగులు ఇంకా రాలేదురా," అనేవాడు ఎమ్రిస్.

చివరిసారి కూడా అదే మాట. గ్లిన్ మూతి మీది ఆక్సిజన్ మాస్కు పక్కకి జరిపి, "తొందరేం లేదులే," అన్నాడు.

ఇప్పుడు ఎమ్రిస్ బొటనవేలితో బెల్టు నొక్కి బిగువు చూశాడు. ఒకసారి విని, విప్పి, గ్లిన్ భార్య నెస్టాకి ఇచ్చేద్దామనుకున్నాడు. తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. దాని మీద సన్నటి కూత లేచింది. యాక్సిలరేటర్ తీగ లాగినకొద్దీ ఇంకా పైకి, ఇంకా నున్నగా. అతని ఒళ్ళు పులకరించింది. మరుక్షణం సిగ్గేసింది.

కూత అడుగున ఇంకేదో ఉంది. గరగర.

ఇంజను ఆపాడు. కూత ఆగింది.

గరగర ఆగలేదు.

లోపలికి... కాస్త ఆగి... బయటికి.

పానా అందుకుని బెల్టు వదులు చేసి ఊడదీశాడు. అది చేతిలో వెచ్చగా వేలాడుతోంది. బెల్టు లేని చక్రం అటు కొంచెం తిరిగింది. ఆగింది. ఇటు తిరిగింది. గాలి పీల్చే కార్బురేటర్ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. చేతికి తడి తగిలింది. గోరువెచ్చటి తడి. దగ్గుమందు వాసన...

తలుపు చప్పుడైంది.

"ఎమ్రిస్. తలుపు తియ్యి."

గడియ తీశాడు. పక్కింటి నుంచి నెస్టా వంటింటి ఆప్రన్‌తోనే తడుస్తూ వచ్చింది. అతని ముఖం చూడలేదు. చెవి రిక్కించి నిలబడింది.

"గోడలోంచి వినిపించింది," అంది గుసగుసగా. "ఇంజను కాదు. ఆ తర్వాతది."

"నెస్టా, అది..."

"ఉష్. పక్కన పడుకుని ఎన్ని రాత్రులు విన్నానో నాకే తెలుసు. ఇదిగో... ఇక్కడ ఆగుతాడు. ఇప్పుడు దగ్గుతాడు."

డొక్క దగ్గింది. కార్బురేటర్ నోట్లోంచి చిటికెడు బూడిదరంగు దుమ్ము నేల మీద రాలింది. పలకరాతి దుమ్ము.



"బేరింగులు ఎప్పుడొచ్చాయి?" అడిగింది నెస్టా.

ఎమ్రిస్ చేతిలోని బెల్టు కింద పెట్టాడు. "అవి... మొదటినుంచీ బాగానే ఉన్నాయి."

"ఆయనకి తెలుసు. నీ షెడ్డులో సుత్తి చప్పుడు మా మంచం దగ్గరికి వినపడదా? 'వాడు పెట్టుకుంటున్నాడే. పెట్టుకోనీ. ఒక్కసారైనా గెలవనీ' అన్నాడు."

గ్లిన్ తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఎమ్రిస్‌కి.

"విప్పు," అంది నెస్టా. "ఆయన బండికి పెట్టు."

బోల్టులు వదులయ్యాక గరగర దానంతటదే ఆగింది. ఆ వారమంతా నెస్టా షెడ్డులో, గ్లిన్ నీలం మైనర్ మీద వంగి పనిచేశాడు ఎమ్రిస్. క్షమించమని అడగాలని నోరు తెరిచినప్పుడల్లా నెస్టా టీ కప్పు చేతికిచ్చి వెళ్ళిపోయేది.

శనివారం పొద్దున ఆవిడే బండి నడుపుకుంటూ కనుమ ఎక్కింది. ఎమ్రిస్ కింద రోడ్డు మీద నిలబడి విన్నాడు. కూత మలుపు తర్వాత మలుపు నున్నగా పైకి సాగిపోయింది. గరగర లేదు. దగ్గు లేదు. గ్లిన్ విన్నాడనే అనుకున్నాడు. ఇన్నాళ్ళకి గుండెల మీంచి బండ దిగినట్టయింది.

తన షెడ్డుకి వచ్చాడు. ఇక తన బండికి పాత కార్బురేటర్ పెట్టుకోవాలి. సూపర్‌చార్జర్ విప్పిన రోజున, దుమ్ము పడకుండా ఇంజను నోట్లో పాతగుడ్డ కుక్కి వదిలేశాడు. వారంగా ఎవరూ ముట్టని ఇంజను. ఇనుము చల్లగా ఉంది.

గుడ్డ మెల్లగా లోపలికి కుంగింది.

పైకి ఉబ్బింది.

ఎమ్రిస్ ఊపిరి బిగబట్టాడు. గుడ్డ ఆగింది.

ఊపిరి వదిలాడు. గుడ్డ ఉబ్బింది.

తలుపు దాకా వెనక్కి నడిచాడు, చూపు తిప్పకుండా. ఆగి ఆగి పీల్చాడు. అది కూడా ఆగి ఆగి కుంగింది. అతని గొంతులో ఏదో గరుగ్గా తగిలింది. దగ్గొచ్చింది. నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసి చూసుకున్నాడు.

అరచేతిలో సన్నటి బూడిదరంగు దుమ్ము.