చల్లగా ఉన్న పెట్టె

ఆ అమ్మాయి మొదటిసారి వచ్చినప్పుడు కేబులబ్బాయి నిచ్చెన మీద ఉన్నాడు. చెవి మీద స్క్రూడ్రైవరు, చేతిలో తీగ. కింద నుంచి ఎవరో "ఇక్కడ బాధ్యులెవరండీ?" అని అడిగితే, ఇంటర్నెట్ రావట్లేదని గొడవకొచ్చిన కస్టమరనుకున్నాడు.

"పక్క గదిలో మామయ్య ఉంటాడు. అరవడాలన్నీ అక్కడ," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"నేను అరవడానికి రాలేదు. సీలు వేయడానికొచ్చాను."

అప్పుడు తిరిగి చూశాడు. చూశాక నిచ్చెన దిగాలన్న సంగతి కాసేపు గుర్తు రాలేదు.

అతను చదివింది ఇంజినీరింగే. మామయ్య నడిపే చిన్న ఇంటర్నెట్ కంపెనీలో పరికరాలన్నీ అతని చేతి మీదుగానే నడుస్తాయి. అయినా పేటలో అందరికీ కేబులబ్బాయే. ఆ పిలుపు విన్నప్పుడల్లా మొహం మాడ్చుకుంటూనే పలికేవాడు.

ఆ అమ్మాయి ప్రభుత్వ తనిఖీ అధికారి. కొన్ని విదేశీ కంపెనీల ఫోను, ఇంటర్నెట్ పరికరాలు దేశ భద్రతకి ముప్పని ప్రభుత్వం నిషేధించింది. వాటిలోంచి మన మాటలు ఎవరైనా వినొచ్చట, కావాలనుకుంటే అక్కడెక్కడో కూర్చుని అన్నీ ఒకేసారి ఆపేయొచ్చట. గడువులోగా వాటిని తీసేసి వేరేవి పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే లైసెన్సు రద్దు. మామయ్య కంపెనీలో ఉన్నవన్నీ ఆ నిషేధం పడ్డ పెట్టెలే. చవకగా వస్తున్నాయని మురిసిపోతూ కొన్నాడాయన.

"ఈ పెట్టె మన రహస్యాలు వింటుందంటావా?" అని ఆ రోజు మామయ్య మేనల్లుణ్ని అడిగాడు.

"వింటే ఈపాటికి దానికే విసుగొచ్చి ఆగిపోయేది," అన్నాడు కేబులబ్బాయి.

ఆ అమ్మాయి నవ్వలేదు. నవ్వు ఆపుకుందని అతనికి అనిపించింది. ఆ అనుమానంతోనే అతని నిద్ర పాడైంది.

ఆ తర్వాత వారానికోసారి వచ్చేది. అతను ఒక పెట్టె విప్పి కింద పెడితే, దాని మీద ఎర్ర స్టిక్కరు అంటించేది. స్కేలు పెట్టి కొలిచినట్టు ఉండేది ఆ స్టిక్కరు, అటూ ఇటూ వెంట్రుకవాసి తేడా లేకుండా. మామయ్య ఆమెకి సీలు మేడమ్ అని పేరు పెట్టాడు. ఆమె మాత్రం కేబులబ్బాయిని ఇంజినీరు గారూ అనేది. ఆ పేటలో అతన్ని అలా పిలిచిన మొదటి మనిషి ఆమే. అతను గాల్లో తేలిపోయాడంటే తేలిపోడూ మరి.

ఒక్కటే బాధ. టీ ఇస్తే వద్దనేది. మంచినీళ్లిచ్చినా వద్దనేది. తన సంచిలోంచి ఫ్లాస్కు తీసి, మూతలో పోసుకుని, కిటికీ దగ్గర నిలబడి తాగేది. ఒకసారి వాన పట్టుకుంది. గుమ్మంలో ఇరుక్కుపోయిన ఆమెకి అతను గొడుగు అందించాడు.

"కంపెనీది తీసుకోకూడదు," అంది.

"కంపెనీది కాదండీ. నా సొంతం."

"అయితే అసలు కుదరదు," అని సంచి నెత్తిన పెట్టుకుని వానలోకి నడిచింది. కాస్త దూరం వెళ్లాక ఒకసారి వెనక్కి చూసింది. ఆ చూపుకి అర్థమేమిటో తేల్చుకోలేక అతను గొడుగు చేత్తో పట్టుకునే తడిసి ముద్దయ్యాడు. తలపొగరా, తన మీద అసహ్యమా, మరింకేమైనానా? ఏదైతేనేం, ఆమె రాని రోజున ఆ గది అతనికి బావురుమనేది.

అలా చివరికి ఒక్క పెట్టె మిగిలింది. అది కూడా తీసేస్తే ఫైలు మూతపడుతుంది, సీలు మేడమ్ మళ్లీ ఈ గడప తొక్కదు. కేబులబ్బాయి బుర్ర ఇక్కడే గడ్డి తింది.

కొత్త పెట్టె బిగించాడు. పేటలోని లైన్లన్నీ దాంట్లోకి మార్చేశాడు. పాతదాన్ని మాత్రం తీయకుండా పక్కనే ఉంచి, దాని తీగ ఒకటి దానికే తిప్పి పెట్టాడు. లైట్లు మిణుకుమిణుకుమంటూ మహా పని చేస్తున్నట్టు కనబడేది. ఆమె వచ్చినప్పుడల్లా, కొత్తది ఇంకా కుదురుకోలేదండీ, వచ్చే వారం తప్పకుండా తీసేస్తానని నీళ్లు నమిలేవాడు. మామయ్యకి కూడా ఈ సంగతి తెలియదు.

ఒక వారం ఆమె మొహం వాడిపోయి వచ్చింది. ఈ ఫైలు ఎందుకు తేలడం లేదని పై అధికారి నిలదీశారట. ఆ మాట చెప్పి, మాటల్లోనే అలసటగా పెట్టె మీద చెయ్యి ఆనించింది. ఆనించిన చెయ్యి తీయలేదు.

"ఇంజినీరు గారూ, ఇది చల్లగా ఉంది."

పేట మొత్తాన్ని మోసే పెట్టె పెనంలా కాలుతూ ఉండాలి. ఆమె పక్కనున్న కొత్తదాని మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసింది. తీగని వేలితో వెంబడిస్తూ పోతే, అది తిరిగి తిరిగి అదే పెట్టెలోకి వచ్చింది.

"లైన్లన్నీ మార్చేశారు. దీనికి ఏ పనీ లేదు. నిషేధం ఉన్న పెట్టెని, పనేమీ లేకపోయినా, మాకు అబద్ధం చెప్పి ఆన్‌లో ఉంచారు. బయటివాళ్ల కోసం గూఢచారి పని చేసేవాళ్లు చేసేది అచ్చం ఇదే. మీకు తెలుసా?"

తెలియదు. ఇంత చదువుకుని, ఇంత అనుభవం ఉండి, ఆ కోణంలోంచి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. గూఢచారి అన్న మాట వినపడి మామయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"చెప్పండి. ఎవరి కోసం ఉంచారు?"

"మీ కోసం."

గుమ్మంలో మామయ్య నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఇది తీసేస్తే మీరు రావడం ఆగిపోతుందని," అన్నాడు కేబులబ్బాయి. "మామయ్యకేమీ తెలియదండీ. తప్పంతా నాది. ఏం రాసినా నా ఒక్కడి మీదే రాయండి."

ఆమె అతన్ని చూడలేదు. తీసేయమంది. తీశాడు. లైట్లు ఆరిపోయాయి. స్టిక్కరు అంటించింది. అది వంకరగా పడింది. సరిచేయకుండానే సంచి సర్దుకుని, ఇది పైవాళ్లకి చెప్పక తప్పదని, పెట్టెని పరీక్షకి తీసుకెళ్లడానికి మనుషులొస్తారని చెప్పి వెళ్లిపోయింది.

మామయ్య కుర్చీలో కూలబడ్డాడు.

"ప్రేమించడానికి నీకు ప్రభుత్వమే దొరికిందిరా?"

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పుకోనక్కర్లేదు. జుట్టు నెరిసే దాకా ఆయన కట్టుకున్న కంపెనీని తన వెర్రితనంతో ముంచానేమోనని అతనికి ముద్ద దిగేది కాదు. మామయ్య తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాడు. ఆయన తిట్టలేదు.

ఒక చినుకుల సాయంత్రం ఆ పై అధికారే స్వయంగా వచ్చింది. పదవీ విరమణకి దగ్గరపడ్డ మనిషి, కళ్లజోడు మీదుగా చూస్తుంది. పెట్టెలో దోషమేమీ కనబడలేదని, అందులోంచి ఏదీ బయటికి పోలేదని తేలిందట. పని సాగదీసినందుకు, అబద్ధం చెప్పినందుకు అతనికి గట్టిగా చీవాట్లు పెట్టింది. గదంతా తనే మూలమూలలా తనిఖీ చేసి, సంతకం పెట్టి ఫైలు మూసేసింది. లైసెన్సు నిలిచింది. మామయ్య కళ్లు తుడుచుకున్నాడు.

కేబులబ్బాయి ఉండబట్టలేక, మేడమ్ రాలేదేమండీ అని అడిగేశాడు.

"ఈ ఫైలు నుంచి తనే తప్పుకుంది. తనిఖీ చేసే చోట మేము మంచినీళ్లు కూడా ముట్టుకోకూడదు నాయనా. ఫైలు మూసేదాకా మాకు అంతే. ఎందుకు తప్పుకుంటున్నావమ్మా అని అడిగాను. అక్కడ టీ తాగాలని ఉంది మేడమ్ అంది."

ఆ మాట తలకెక్కడానికి అతనికి కొంచెం సమయం పట్టింది. ఫైలు మూసేస్తే ఆమె దూరమైపోతుందనుకుని, ఆమెకి అడ్డుపడుతున్న ఆ ఫైలుని ఇన్నాళ్లూ తనే చేతులారా తెరిచి పట్టుకున్నాడు.

"బయటే ఉంది," అంది పెద్దావిడ కళ్లజోడు సర్దుకుంటూ. "సంతకమయ్యేదాకా లోపలికి రానంది."

అతను గొడుగు లాక్కుని పరిగెత్తాడు. ఆమె గేటు దగ్గర తడుస్తూ నిలబడి ఉంది. సంచి లేదు. చేతిలో ఫ్లాస్కు ఒక్కటే ఉంది. అతను దగ్గరికి రాగానే మూత తీసి దాన్ని తలకిందులు చేసి చూపించింది. చుక్క కూడా రాలలేదు.

"టీ ఉందా, ఇంజినీరు గారూ?"

గొడుగు ఆమె మీద పట్టాడు. ఈసారి వద్దనలేదు. ఆ రోజు ఆపుకున్న నవ్వు ఇన్నాళ్లకి బయటపడింది.

లోపల మామయ్య అప్పటికే స్టవ్ వెలిగించి నీళ్లు పెట్టేశాడు. చక్కెర డబ్బా చేత్తో పట్టుకుని, అమ్మాయికి ఎన్ని చెంచాలో కనుక్కోరా అని కిటికీలోంచి కేకేశాడు. కేబులబ్బాయి తెల్లమొహం వేశాడు. ఇన్నాళ్లలో అది తెలుసుకునే అవకాశమే రాలేదు.