ఒంటి సంతకం

యంత్రం మూడోసారి కూడా ఎర్రదీపమే వేసింది.

"ఇంకొక్కసారే అవకాశం ఉంది," అంది డాక్టర్ పరంజ్యోతి. ఆ యంత్రాన్ని కనిపెట్టింది ఆవిడే. బ్యాంకువాళ్లు తమ వల్ల కాక ఆవిణ్ణి పిలిపించారు.

కుర్చీలో కూర్చున్న మరిడమ్మ గాజుపలక మీంచి అరచెయ్యి తీసి చెంగుకు తుడుచుకుంది. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. ఐదింటికి సరిహద్దు గేటు మూసేస్తారు. ఈలోగా ఆమె ఖాతా మీద పూచీ సంతకం పడకపోతే, అవతల క్యాంపులో ఉన్న చెల్లెలు నూకాలుని మునిగిపోతున్న తీరానికి తిప్పి పంపేస్తారు. మళ్లీ రానివ్వరు.

ఈ యంత్రం సంగతి కాస్త చెప్పాలి. సముద్రం పైకొచ్చి తీరాన్ని మింగేశాక జనమంతా మెట్టకి పరిగెత్తారు. మెట్టవాళ్లు ఊరుకుంటారా? గీత గీసి, గేటు పెట్టి, మెట్టసీమ అని పేరు పెట్టుకుని కూర్చున్నారు. అక్కడ బ్యాంకు ఖాతా లేని మనిషికి గది లేదు, పని లేదు, కుళాయి తిప్పినా నీళ్లు రావు. ఖాతా కావాలంటే పాత చిరునామాకి రుజువు చూపించాలి. ఇల్లే నీళ్ల అడుగున ఉంటే కరెంటు బిల్లు ఎక్కణ్ణించి తెస్తారండీ, చోద్యం కాకపోతే!

ఆ చిక్కు తీర్చడానికే పరంజ్యోతి ఒంటి సంతకం కనిపెట్టింది. పలక మీద చెయ్యి పెడితే సెన్సర్లు గుండె లయ, ఊపిరి, చెమట, నరాల వణుకు కొలిచి ఒక ప్యాటర్న్‌గా దాచుకుంటాయి. కాగితాలతో పని లేదు. ఫోర్జరీ చెయ్యడం ఎవడి తరమూ కాదు. పాపం, మంచి ఉద్దేశంతోనే చేసింది. మంచి ఉద్దేశంతో చేసిన పనులు ఎన్ని కొంపలు ముంచాయో నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

రెండేళ్లుగా చిన్నాచితకా అవసరాలకి మరిడమ్మకి కార్డు సరిపోయింది. పూచీకి మాత్రం ఒంటి సంతకమే కావాలి. చెల్లెలు బతికే ఉందని తెలిసినప్పటినుంచి ఆమె కాళ్లు నేల మీద లేవు. పొద్దున్నే తలంటుకుని, దాచుకున్న కొత్త చీర కట్టుకుని మరీ వచ్చింది.

"ఖాతా తెరిచిన రోజు మీకు గుర్తుందా?" అని అడిగింది పరంజ్యోతి.

"మర్సిపోతానా మేడమ్? గేటు కాడ కుక్కల్ని వదిలీసినారు. తొక్కిడిలో నూకాలు సెయ్యి జారిపోనాది. అది బతికుందో లేదో తెల్దు. అప్పుడే నన్ను లాక్కొచ్చి ఈ కుర్చీలోనే కూకోబెట్టినారు."

పరంజ్యోతి పాత రికార్డు తెరిచి చూసింది. "సంతకం తీసుకునేముందు యంత్రం మిమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. ప్రశాంతంగా ఉన్నారా అని. మీరు అవునన్నారు."

"అన్నాను."

"ఎందుకన్నారు? కాదంటే కాసేపు విశ్రాంతి ఇచ్చి అప్పుడు తీసుకునేవాళ్లు కదా."

మరిడమ్మ ఈ చదువుకున్నావిడని వింతగా చూసింది. "ఆఫీసోళ్లు అడిగితే కాదంటారేటి మేడమ్? కాదంటే రేపు రమ్మంటారు. మావోళ్లందరం అవుననే సెప్పినాం."

పరంజ్యోతి మొహం పాలిపోయింది. యంత్రం తప్పేమీ చెయ్యలేదు. ప్రాణభయంతో వణుకుతున్న మరిడమ్మనే అసలైన మరిడమ్మ అనుకుని దాచుకుంది. సంతోషంగా వచ్చిన ఈమె దానికి ఎవరో పరాయి మనిషి. తీరం నుంచి వచ్చిన లక్షమంది గతీ ఇంతేనని ఆవిడకి అప్పుడు అర్థమైంది.

"ఆ రోజంత భయం మీకు మళ్లీ కలగాలి," అంది.

"భయపడమంటే వొచ్చీస్తాదా మేడమ్? మీరున్నారు కదా, ఏదో ఒకటి సేస్తారని నాకు దైర్నం."

నాలుగున్నరైంది. పరంజ్యోతి బయటికి వెళ్లి, ఫోను చేత్తో పట్టుకుని తిరిగొచ్చింది.

"మరిడమ్మ గారూ, క్యాంపు నుంచి కబురొచ్చింది. గేటు దగ్గర తొక్కిసలాట జరిగిందట. నూకాలు..." అని ఆగిపోయి, "చెయ్యి పలక మీద పెట్టండి," అంది.

పచ్చదీపం వెలిగింది.

"అబద్ధం చెప్పాను. నూకాలు క్షేమంగా ఉంది. నన్ను క్షమించండమ్మా."

మరిడమ్మ కుర్చీలోనే ముడుచుకుపోయి ఏడ్చింది. "ఇలాటి మాట ఇంకెప్పుడూ నాకు సెప్పకండి మేడమ్," అంది చివరికి.

ఐదుకి ఐదు నిమిషాలుండగా నూకాలు గేటు దాటింది. అక్కాచెల్లెళ్లు రోడ్డు మీదే కావలించుకుని కూలబడ్డారు. పరంజ్యోతి ఆ రాత్రే, తను అబద్ధంతో భయపెట్టి పచ్చదీపం వెలిగించిన సంగతి కూడా దాచకుండా, రిపోర్టు రాసింది. అందరి సంతకాలూ, మనుషులు స్థిమితంగా ఉన్నప్పుడు, కొత్తగా తీసుకోవాలని బతిమాలింది.

బ్యాంకువాళ్లు రిపోర్టు శ్రద్ధగా చదివారు. లక్షమందిని మళ్లీ పిలవడం తలనొప్పి అనుకున్నారు. అంతకన్నా తేలిక దారి ఆ రిపోర్టులోనే కనిపించింది. కాకపోతే అబద్ధం ఒకసారే పనిచేస్తుంది, రెండోసారికి ఎవరు నమ్ముతారు? అందుకని ప్రభుత్వంతో మాట్లాడి నిజాన్నే ఏర్పాటు చేశారు. మెట్టసీమలో ఉండడానికిచ్చే శాశ్వత పర్మిట్లు ఆగిపోయాయి. ఖాతాదారుల సౌకర్యం కోసమని గోడకి నోటీసు అంటించారు. ఇకమీదట గది అద్దెకి కూడా ఒంటి సంతకమే అన్నారు.

మరుసటి నెల మరిడమ్మ అద్దె కట్టడానికి వెళ్లింది. కౌంటర్లో అమ్మాయి మర్యాదగా నవ్వింది.

"కూర్చోండి ఆంటీ. మీ చెల్లెలిగారి పర్మిట్ ఇకనుంచి నెలకోసారి రెన్యూ చెయ్యాలట. ఈ నెల ఇస్తారో, వెనక్కి పంపేస్తారో మాకూ తెలీదు. సాయంత్రానికి చెప్తారు. చెయ్యి ఇక్కడ పెట్టండి."

మరిడమ్మ చెయ్యి పెట్టింది. దీపం ఒక్కసారికే పచ్చగా వెలిగింది.

"చూశారా," అంది ఆ అమ్మాయి, "ఇప్పుడు ఎంత తేలికైపోయిందో."