గాజు ఎండ

ఆదివారం పొద్దున చర్చి గంటలు ఆగిపోయాక కూడా వాటి మోత రేవు ఊరు బిర్గు సందుల్లో కాసేపు తచ్చాడుతూనే ఉంటుంది. జూజా ఆ మోత వింటూ, వీధిపైకి పొడుచుకొచ్చిన గాజు బాల్కనీలో చతికిలబడి, చిన్న పట్టకారుతో ఊసరవెల్లి నోటికి కీచురాయిని అందిస్తోంది.

"తినరా దొరా... ఒక్కటి తిను నాయనా."

నాలుక సగం దాకా వచ్చింది. అక్కడే తడబడి, వేలాడి, మెల్లగా లోపలికి పోయింది.

రంగులు మార్చే మనిషిని ఊసరవెల్లి అని తిడతాం గానీ, దీనికున్న నిలకడ మనుషుల్లో ఎంతమందికుంది? అల్లారుముద్దుగా పెంచి, దొర అని పేరు పెట్టిన భర్త చెన్సు చలికాలంలో పోయాడు. అప్పటినుంచి జూజా నల్లబట్టల్లో ఉండిపోయింది. దొరేమో వెలిసిపోయిన ఆకుపచ్చలో ఉండిపోయాడు. ఇప్పుడు ముంగాళ్లు కూడా వంగిపోయాయి.

జూజా చెయ్యని వైద్యం లేదు. పెదాలకి ఆలివ్ నూనె రాసింది. తేనెనీళ్లు చిలకరించింది. సెయింట్ లారెన్స్‌కి కొవ్వొత్తి మొక్కుకుంది. ఇంట్లో అన్నిటికన్నా మంచి చోటు, పగలంతా ఎండపడే ఈ బాల్కనీ, దానికే ఇచ్చింది. ఇదీ పోతే చెన్సు రెండోసారి పోయినట్టేనని ఆమె భయం.

కూతురు మార్తీజ్ వేడి రొట్టె చంకన పెట్టుకుని వచ్చింది. నిన్న దొరని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ఆమే.

"అమ్మా, ఎముకల్లో సత్తువ లేదంట. కీచురాళ్లకి కాల్షియం పొడి అద్ది పెట్టమంది డాక్టరమ్మ. అంతకన్నా ముందు ఎండ కావాలంది."

"ఎండా? నీకు కళ్లు కనపడట్లేదా? ఇక్కడ నేనే మాడి బొగ్గవుతున్నాను!"

"ఇది గాజులోంచి వచ్చే ఎండ. వెలుగొస్తుంది, వెచ్చదనం వస్తుంది. ఎముకకి బలమిచ్చేది మాత్రం అద్దం అవతలే ఆగిపోతుందంట."

"అయితే కిటికీ తెరువు."

"తెరుచుకునేవి కింది అద్దాలు. ఎండొచ్చేది పైవాటిలోంచి, అవేమో బిగించేశారు. నాన్న ఉండగా వీడికి ఏ జబ్బూ ఎందుకు రాలేదనుకున్నావ్? రోజూ వీణ్ని డాబా మీద ఎండలో వదిలి, కిందికొచ్చి కాఫీ పట్టుకుని మళ్లీ పైకెళ్లేవాడు గనక."

డాబా మాట వినగానే జూజా చెయ్యి మెడలో వేలాడే తాళంచెవి మీదికి పోయింది. చెన్సు కుప్పకూలింది అక్కడే. ఆ రోజు వేసిన తాళం మళ్లీ తియ్యలేదు.

"తాళంచెవి ఇవ్వమ్మా."

"ఇవ్వను."

"అయితే వీణ్ని మా ఇంటికి తీసుకెళ్తా."

"తీసుకెళ్లు! మీ నాన్న చొక్కాలు కూడా మూటగట్టుకుని తీసుకెళ్లు! నాకేం మిగల్చకు!"

"చొక్కాలు నువ్వే దాచుకో, వాటికి ప్రాణం లేదు. వీడికుంది. నీకూ ఉంది, ఆ సంగతి నువ్వే మర్చిపోయావు!"

అనేశాక మార్తీజ్ నాలుక కరుచుకుంది. జూజా మాత్రం కోప్పడలేదు. అద్దానికి వేళ్లు ఆనించింది. వెచ్చగానే ఉంది. ఇంత వెచ్చటిది వట్టిదని ఎవరనుకుంటారు?

"ఎండతో కడుపు నింపుతున్నాననుకున్నానే," అంది. "ఇన్నాళ్లూ వీణ్ని పస్తు పెట్టాను."

దొరని మణికట్టు మీదికి ఎక్కించుకుని తనే ముందు మెట్లెక్కింది. తాళం తియ్యగానే తలుపు కిర్రుమంది.

తలుపు వెనక దాచిపెట్టిన చావేదో మీదపడుతుందనుకుంది. ఎండే మీదపడింది. పక్క డాబా మీద ఎవరివో దుప్పట్లు గాలికి తెరచాపల్లా పొంగుతున్నాయి. వాటి సందుల్లో రేవు నీళ్లు మెరిసి మాయమవుతున్నాయి. గోడ పగుల్లోంచి కేపర్ పొద ఎవరూ నీళ్లు పొయ్యకుండానే గుబురుగా పెరిగి, తెల్లటి పూలతో చెన్సు కుర్చీ మీదికి వాలింది. జూజాకి తను నిద్రలో నడుస్తున్నట్టు అనిపించింది.

పొదమీదికి పాకిన దొర ఒళ్లు పలచగా చేసి ఎండకి పక్క తిప్పాడు. ఆ పక్కంతా నల్లబడసాగింది.

"అయ్యో, నల్లబడిపోతున్నాడే! పోతున్నాడే మార్తీజ్!"

"పోవడం కాదమ్మా. నల్లబడితే ఎండ బాగా పడుతుంది. తాగుతున్నాడు. వంగిన కాళ్లు సరికావేమో గానీ, బతుకుతాడంది డాక్టరమ్మ."

ఇన్ని నెలలకి మారిన ఆ రంగుని జూజా రెప్పవెయ్యకుండా చూసింది. దొర ఒక కన్ను ఆకాశం మీద ఉంది. రెండోది వెనక్కి తిరిగి మెట్ల తలుపు మీద నిలిచింది. రోజూ ఈ వేళకి అక్కడినుంచి ఎవరొచ్చేవారో ఇద్దరికీ తెలుసు.

"ఆయన ఇంక రారురా, దొరా," అంది జూజా. పైకి అనడం అదే మొదటిసారి. అన్నాక కన్నీళ్లు ఆగలేదు. మార్తీజ్ వెనకనుంచి తల్లిని గట్టిగా పట్టుకుంది.

"కూర్చోమ్మా, నేను కాఫీ తెస్తా."

జూజా అరచేత్తో మొహం తుడుచుకుంది. "నువ్వు వీణ్ని చూస్తుండు. ఆయన కప్పు ఎక్కడ పెట్టానో నీకేం తెలుసు?"

మెట్లు దిగింది. కాసేపటికి పొగలు కక్కే కప్పుతో అదే తలుపులోంచి పైకొచ్చింది.