ఈదులేరు వాంగ్మూలం

ఆ కాలపు పిల్లలకి గోదావరి అంటే పదహారో గొట్టం. పెన్న అంటే నలభై ఒకటి. విశాఖలో ఏ వంటింట్లో కుళాయి తిప్పినా, పక్కనున్న చిన్న పలక మీద ఆ పూట నీళ్ళు ఏ నదివో పేరు పడేది. పట్టింపు ఉన్న ఇల్లాళ్ళు కృష్ణ వంతు వచ్చేదాకా ఆగి కలశం నింపుకునేవారు. నదిని చూడ్డానికి మాత్రం ఎవరూ వెళ్ళేవారు కాదు, చూడ్డానికి ఏమీ మిగల్లేదు. నీరు కొండల్లో పుట్టిన చోటే నేలడుగున వేసిన జలజాలంలోకి దిగిపోయేది. ఎండకి ఆవిరి కాదు, వరదకి ఊళ్ళు మునగవు, పొలాలకి అడిగినన్ని నీళ్ళు. మంచి ఏర్పాటే, కాదనడానికి లేదు.

అంతకంటే గొప్ప సంగతేమిటంటే, ఇదంతా నదుల ఇష్టప్రకారమే జరిగింది.

నదికి మనిషితో సమానంగా హక్కులున్నాయని చట్టం వచ్చి అప్పటికే చాలాకాలమైంది. హక్కున్నవాడి ఇల్లు తీసుకోవాలంటే వాడి అనుమతి కావాలి. మరి నదిని అడగడం ఎలా? ఆ చిక్కు విప్పింది డాక్టర్ తరళ. ఆమె కనిపెట్టిన యంత్రం పేరు నదీవాణి. జలశ్రోత్రాలనే సెన్సర్లను నీటి అడుగున పాతుతారు. నీటి మట్టం, వేగం, చల్లదనం, ఒండ్రు, చేపల కదలిక, రాళ్ళ మీద నీటి చప్పుడు, అన్నిటినీ అవి ఏళ్ళ తరబడి విని ఒడ్డునున్న పెట్టెకి చేరవేస్తాయి. ఆ నదికి ఏది సుఖమో, ఏది బాధో పెట్టె మెల్లగా నేర్చుకుంటుంది. తెలుగు మాటలు అందులో ముందే ఉంటాయి కానీ, ఆ మాటలతో ఏం చెప్పాలన్నది నీటి నుంచే రావాలి. "భాష మనది, భావం నదిది" అని తరళ ప్రతి సభలోనూ చెప్పేది. జనం చప్పట్లు కొట్టేవారు.

మనుషుల మాటలు సోకి నది మనసు కలుషితం కాకుండా రెండు జాగ్రత్తలు తీసుకున్నారు. గాలిలోంచి వచ్చే మనిషి గొంతును యంత్రం పోల్చుకుని అక్కడికక్కడే తుడిచేస్తుంది. అది చాలదన్నట్టు, ఒడ్డు మీది ఊళ్ళన్నీ ఖాళీ చేయించి నదికొక్క కాపరిని పెట్టారు. ఏటిని కాపాడ్డానికి ఏటి మనుషుల్ని తరిమేయడమేమిటని అడిగిన వాళ్ళు లేకపోలేదు. వాళ్ళకి పట్నంలో మంచి ఫ్లాట్లు ఇచ్చారు.

ఇంత జాగ్రత్తగా అడిగితే, అడిగిన ప్రతి నదీ ఒకటే చెప్పింది. నన్ను తీసుకుపొండి, మనుషులున్న చోటికి తీసుకుపొండి. దేశం మొదట తెల్లబోయింది, ఆనక హాయిగా ఊపిరి పీల్చుకుంది. దొంగకి ఇంటివాడే తాళంచెవి ఇచ్చినట్టయింది మరి.

చివరికి మారేడుమిల్లి అడవుల వెనక ఈదులేరు ఒక్కటే మిగిలింది. పెద్ద ఏరేం కాదు. ఎండాకాలం మోకాలి లోతు, వానాకాలం కోపమొస్తే తాడిఎత్తు. నల్లరాళ్ళ మధ్య తన ఇష్టం వచ్చిన దారిన పోతుంది, రెండేళ్ళకోసారి ఆ దారి కూడా మార్చుకుంటుంది. నీటికుక్కలు పిల్లల్ని వీపు మీద వేసుకుని ఈదుతాయి. కొండరెడ్లు అక్కడున్న రోజుల్లో కొత్త మామిడికాయ మొదటి ముక్క ఏటికి వేయనిదే ఎవరూ నోట పెట్టేవారు కాదట. ఇప్పుడు కాయలు వాటంతట అవే రాలి నీళ్ళలో కొట్టుకుపోతున్నాయి.

దాని కాపరి పైడిరాజు. భీమిలి మనిషి, చేపల వేటకెళ్ళే కుటుంబం. పెళ్ళాం పోయాక అక్క నూకాలమ్మ ఇంట్లో, ఆమె కోడళ్ళూ మనవలూ కాళ్ళకడ్డం పడే ఇంట్లో, తిట్లు తింటూ బతికాడు. గోల లేని చోటు కావాలని తనే ఈ ఉద్యోగం అడిగి తెచ్చుకున్నాడు. కోరుకున్నట్టే గోల లేని చోటు దొరికింది. ఈదులేటికి ఏ మలుపులో ఏ గొంతో, ఏ రాయి కింద ఏ చేప గుడ్లు పెడుతుందో అతనికి తెలుసు. ఆ ఏరంటే అతనికి ప్రాణం. దాన్ని గొట్టంలో పెడతారన్న ఊహకే అన్నం సహించేది కాదు. ఇంటివాళ్ళతో మాట్లాడ్డానికి నిబంధనలు ఒప్పుకోవు. నెలకోసారి ఆఫీసు వాళ్ళు తెర మీద కనపడి, ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగేవారు. "నాకేటండి, మారాజులా ఉన్నాను" అనేవాడు పైడిరాజు. వాళ్ళు అదే రాసుకునేవారు.

విచారణ రోజు పొద్దున్నే తరళ గాలిబండిలో దిగింది. జుట్టు తెల్లబడింది కానీ నడకలో ఇంకా తొందర తగ్గలేదు. యంత్రం పెట్టిన గుడిసెలో తెర వెలిగింది. ముగ్గురు న్యాయమూర్తులు, వాళ్ళ పక్కన జలజాలం తరఫు వకీలు. అది లాంఛనమే అన్నట్టు కూర్చున్నారందరూ. పైడిరాజు గుమ్మం దగ్గర నిలబడి లోలోపల ఏటికి దణ్ణం పెట్టుకున్నాడు. వద్దని చెప్పు తల్లీ, ఒక్కసారి వద్దని చెప్పు.

తరళ పెట్టె ముందు కూర్చుని, ప్రశ్నల కోసమే విడిగా ఉంచిన మైకులో అడిగింది. "ఈదులేరూ, నిన్ను జలజాలంలోకి తీసుకోవడం నీకు సమ్మతమేనా?"

కాసేపటికి గొంతు వచ్చింది. అది ఆడ గొంతూ కాదు, మగ గొంతూ కాదు. "తీసుకుపొండి. ఇక్కడ ఎవరూ లేరు. పొద్దు వాలితే ఎవరో మెట్లెక్కి వస్తున్నట్టుంటుంది. ఎవరూ రారు. ఉప్పుచేప వేగుతున్న వాసన వచ్చినట్టుంటుంది. లేచి చూస్తే ఏమీ ఉండదు. నన్ను తిట్టేవాళ్ళు కూడా లేరు. ఒక్క మనిషి ఉన్న చోట పడేసినా చాలు."

తెర మీద ఒక న్యాయమూర్తి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తరళ తల దించుకుంది. ఎన్ని నదుల నోట విన్నా ఆ మాట ఆమెను ప్రతిసారీ కదిలిస్తుంది.

పైడిరాజు మాత్రం గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేశాడు. ఈదులేటికి మెట్లెక్కడివి? ఆ మెట్లు భీమిలిలో అక్క వాళ్ళ మేడవి. ఆ ఉప్పుచేప అక్క వేయించేది. ఆ మాటలు, అదే వరసలో, అతనివే.

ఊరుకుంటే సరిపోయేది. ఆ సంగతి అతనికి వెంటనే తట్టింది, తట్టినందుకు సిగ్గూ వేసింది. ఊరుకుంటే ఏరు తనంతట తనే వెళ్ళిపోయినట్టవుతుంది, కాపరి పని తీరిపోతుంది, ఎవరి దగ్గరా మాట పడకుండా రేపీపాటికి అక్క గుమ్మంలో ఉండొచ్చు. నోరు విప్పితే ఇన్నాళ్ళూ మారాజులా ఉన్నానని చెప్పిందంతా అబద్ధమని దేశమంతా వింటుంది. బయట ఏరు ఎప్పటిలాగే గలగలమంటోంది. దానికి ఈ గొడవేదీ పట్టినట్టు లేదు.

"అయ్యా, ఆ మాటలు ఏటివి కావండి. నావండి" అన్నాడు పైడిరాజు.

వకీలు నవ్వాడు. తరళ నవ్వలేదు గానీ ఓపికగా వివరించింది. మనిషి గొంతు యంత్రానికి సోకదు, ఆ జల్లెడ తను స్వయంగా తయారుచేసింది, అందులోంచి ఒక్క అక్షరం కూడా జారదు. పైడిరాజు ఆమె చెప్పిందంతా విని, అది గాలిలో మాటకి కదండీ అన్నాడు. వాళ్ళ వైపు ఒక అలవాటుంది. మనిషికి చెప్పుకోలేనిది నీటికి చెప్పుకోవాలి. ఒడ్డున మోకాళ్ళ మీద వంగి, పెదాలు నీటికి ఆనించి, నీటిలోకే చెప్పాలి. గాలికి వినపడితే ఆ మాట ఊళ్ళోకి పోతుంది, నీటికి చెబితే సముద్రంలో కలిసిపోతుందని వాళ్ళ మామ్మ చెప్పేది. వేట నుంచి మనిషి తిరిగిరాని ఇళ్ళల్లో ఆడవాళ్ళంతా అలాగే చెప్పుకునేవారు. అతనూ రోజూ చెప్పుకున్నాడు.

తరళ ముఖంలో రంగు మారింది. నీటిలోపల నుంచి వచ్చే ప్రతి చప్పుడూ నీటిదేనని ఆమె అనుకుంది. అక్కడ జల్లెడ పెట్టలేదు.

న్యాయమూర్తుల్లో పెద్దావిడ కాగితాలు చూసి, ఈ కాపరి ప్రతి నెలా తనకే లోటూ లేదని చెప్పినట్టుంది కదా, ఇప్పుడు ఏది నమ్మమంటారని అడిగింది.

"బాగున్నావా అంటే బాగున్నానే అంటారు కదండీ ఎవరైనా. బాగోలేదంటే మీరు మాత్రం ఏం సేస్తారు?"

ఆవిడ కాగితాలు పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా హెచ్చరించింది. ఇప్పుడు చెప్పేది ప్రమాణం కింద లెక్క. అవునంటే నీ మాట కలిసిన ఈ వాంగ్మూలం చెల్లదు, కానీ నువ్వూ ఇక ఈ ఏటి ఛాయలకి రాకూడదు. ఈ జన్మకి రాకూడదు. ఆలోచించుకుని చెప్పమంది.

పైడిరాజు గుమ్మంలోంచి ఒకసారి బయటికి చూశాడు.

"నాకిక్కడ ఉండాలని లేదండి. శానా కాలంగా లేదు. ఏరంటే నాకు ప్రాణం. అయినా మనిషి కావాలండి" అన్నాడు. ఆ మాట గాలిలో అనడం అతనికి అదే మొదటిసారి. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

తరళ పైడిరాజు చేత నాలుగు మాటలు నీటిలోకి చెప్పించుకుని, ఆ నమూనా ప్రకారం యంత్రంలో అతని గొంతు ఎక్కడెక్కడ ఇంకిందో వెతికి తీసేసింది. సగం రోజు పట్టింది. తర్వాత అదే ప్రశ్న మళ్ళీ అడిగింది.

"నీరు మోకాలి లోతు. ఎగువన మబ్బు పట్టింది. చిన్న చేపలు గట్టు వైపు వస్తున్నాయి" అంది యంత్రం.

నీకేం కావాలని అడిగింది తరళ. నీరు మోకాలి లోతు అంది. బాధగా ఉందా అని అడిగింది. ఎగువన మబ్బు పట్టింది అంది. ఆమె రకరకాలుగా, బతిమాలుతున్నట్టు అడిగింది. ఈదులేటికి కావాలనీ లేదు, వద్దనీ లేదు. మనుషులు ఉన్నారనిగానీ లేరనిగానీ దానికి తెలిసినట్టే లేదు. అనుమతి ఇవ్వని నదిని తాకే హక్కు ఎవరికీ లేదని న్యాయమూర్తులు తీర్పు చెప్పి తెర ఆర్పేశారు. ఏరు నిలిచింది.

తరళ మాత్రం లేవలేదు. పాత నదుల వాంగ్మూలాలు ఒక్కొక్కటే పైకి తీసి వినసాగింది. వంశధార వేడివేడి అన్నం అడిగింది. పెన్న, పక్కన ఎవరో గురక పెడుతుంటే గానీ నిద్ర పట్టదంది. అప్పట్లో అవన్నీ కవిత్వమనుకుని పాఠ్యపుస్తకాల్లో కూడా వేశారు. పెన్న కాపరి రోజూ పీకల్లోతు నీళ్ళలో దిగి చాలాసేపు మునిగి ఉండేవాడని ఆమెకి గుర్తొచ్చింది. ఎంత శుభ్రమైన మనిషో అని మెచ్చుకుంది కూడా. అతను నీళ్ళ కింద ఏడ్చేవాడని ఇప్పుడు తెలిసింది. ఇంటి మీద బెంగపెట్టుకున్న కొందరు మనుషుల మాట విని దేశంలో నదులన్నిటినీ గొట్టాల్లో పెట్టేశారు. ఆ మనుషుల్ని అలా ఒంటరిగా కూర్చోబెట్టింది ఆమే. నదులు పారిన చోట ఇప్పుడు కాలనీలు లేచాయి, వాటిని వెనక్కి పిలిచే యంత్రమేదీ ఆమె కనిపెట్టలేదు.

సాయంత్రానికి ఆమె ఏటిలోకి దిగి జలశ్రోత్రాలన్నీ తన చేతులతోనే పీకింది. పైడిరాజు అందుకుని ఒడ్డున పేర్చాడు. అతను బట్టలు సర్దుకుని వచ్చేసరికి ఆమె ఇంకా ఒడ్డునే నిలబడి ఉంది.

"ఇప్పుడు ఇందులో వినేది ఏదీ లేదు కదా?" అని అడిగింది.

"ఏదీ లేదండి."

"పెదాలు నీటికి ఆనాలన్నారు."

"ఆనాలండి. మెల్లగానే సెప్పండి, సాలు."

పైడిరాజు వెనక్కి తిరిగి చూడకుండా గాలిబండి దగ్గరికి పోయి కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. మబ్బు దగ్గరపడింది, ఇంకాసేపుంటే బండి లేవదని దాని తెర మీద హెచ్చరిక వచ్చింది. ఇక తప్పదని ఒడ్డుకు వెళ్ళి, మేడమ్, బయల్దేరాలండి అని పిలిచాడు. మోకాళ్ళ మీద వంగి ఉన్న ఆ పెద్ద మనిషి ముఖం పైకెత్తింది. గడ్డం మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"వంశధార సంగతి చెప్పడమైంది. ఇప్పుడే నాగావళి దగ్గరకొచ్చాను" అంది. "మీరు వెళ్ళండి, పైడిరాజు గారూ."