తేనెటీగలకు చెప్పాల్సిన మాట

"నా కంఠంలో ప్రాణముండగా ఆ నల్లగుడ్డ కట్టనివ్వను అత్తయ్యా!"

తేనెపెట్టెలకు అడ్డంగా నిలబడి ఎలెక్టా కేకపెట్టింది. అమెరికాలోని వెర్మాంట్ కొండల్లో ఇంటి మనిషి పోతే ఇంటి తాళంచెవితో పెట్టెలను తట్టి ఆ సంగతి తేనెటీగలకు చెప్పాలి, పెట్టెలకు నల్లగుడ్డ కట్టాలి. చెప్పకపోతే అవి ఆ ఇంటిని విడిచిపోతాయంటారు. అంతర్యుద్ధంలో, వర్జీనియా అడవుల్లో జరిగిన పోరులో తన భర్త అసాహెల్ చనిపోయాడని పటాలం నుంచి కబురొచ్చి వారమైంది. కన్నతల్లి అయివుండి కెజయా ఒక్క కన్నీటిబొట్టు రాల్చలేదు! పాత నల్లగౌను చింపి, ఇంటి తాళంచెవి పట్టుకుని ఇలా బయలుదేరింది. అది గుండేనా... బండరాయా?

"కబురు తప్పయి ఉండొచ్చుగా! ఆయన చేతిరాత చూసేదాకా నేను నమ్మను."

"నువ్వు నమ్మకపోతే పోయినవాడు తిరిగొస్తాడటే?" అంది కెజయా పొడిగా.

అంతలో గేటు దగ్గర పోస్టుబండి ఆగింది. బండివాడు అందించిన కవరు మీద ఉన్నది... అసాహెల్ రాతే!

"బతికే ఉన్నారు!" అంటూ ఎలెక్టా ఆత్రంగా విప్పింది. పైనున్న తారీఖు చూసి అలాగే కూలబడింది. అది పోరుకు ముందు రాసిన ఉత్తరం.

'ఎలెక్టా, ఇక్కడి రొట్టెలు కాఫీలో ముంచితే పురుగులు పైకి తేలుతున్నాయి. అమ్మకు చెప్పకు. రేపు నది దాటుతాం. ఒక్క మాట... నాన్న పోయినప్పుడు అమ్మ ఎవరి ముందూ ఏడవలేదు. తేనెపెట్టెల మధ్య కూర్చుని చీకటిపడేదాకా ఏడ్చింది. కొట్టం చాటునుంచి చూశాను, దగ్గరికెళ్ళే ధైర్యం లేకపోయింది. నాకేమైనా అయితే ఆవిణ్ణి అక్కడికి ఒంటరిగా పంపకు.'

ఎలెక్టా తలెత్తింది. అత్తగారు నల్లగుడ్డ పట్టుకుని తేనెపెట్టెల వంకే చూస్తోంది. అయ్యో, ఈ తల్లికి ఏడవడానికున్న ఒక్క చోటుకీ తానే అడ్డుపడిందా!

"ఏం రాశాడే వాడు?"

"మిమ్మల్ని ఒంటరిగా పంపొద్దన్నారు అత్తయ్యా..."

కెజయా తాళంచెవితో మొదటి పెట్టెను మెల్లగా తట్టింది. మళ్ళీ తట్టి, గుడ్డ ఒక కొసను పెట్టె మీద పరిచింది. ఎలెక్టా లేచి, గుడ్డ రెండో కొస అందుకుని, పెట్టె మీదికి వంగింది.

"మీ అసాహెల్ ఇక రారు. మేమిద్దరమే మిగిలాం... మీరు కూడా వెళ్ళిపోకండి."

అప్పుడు కెజయా కోడలి భుజం మీద వాలి బావురుమంది.