తవ్వి చూశావా?

అడవి అంచున ఫారెస్టు గార్డు వదిలేసి పోయిన ఇల్లొకటి ఉంది. అతని భార్య అందులోనే కడుపునొప్పితో మెలికలు తిరిగి చచ్చిపోయిందట. అప్పట్నుంచి చీకటిపడ్డాక అటెవరూ పోరు. పోతే, చెవి పక్కనే ఆడగొంతు గుసగుసగా అడుగుతుందట — "తవ్వి చూశావా?"

శవం పాతారని కొందరు, నగలని కొందరు. తలా ఓ మాట. పార పట్టుకెళ్ళిన మగాడు మాత్రం ఒక్కడూ లేడు!

మా పిన్నికి ఇవేమీ పట్టవు. ఎండలు తగ్గి నాలుగు చినుకులు పడగానే, పట్టపగలు ఆ ఇంటి వెనక్కెళ్ళి పుట్టగొడుగులు కోసుకొచ్చేది. మట్టి అంటకుండా కాడ దగ్గర కత్తితో కోయడం ఆవిడ అలవాటు. ఆరడుగులున్న నన్ను "బుడ్డోడా" అని పిలిచేది కూడా ఆవిడొక్కతే.

ఆ రోజు తెల్లటివి ఒడినిండా తెచ్చి కూర చేసింది. బాబాయ్ లొట్టలేసుకుని తిన్నాడు.

తెల్లారేసరికి వాంతులు. సాయంత్రానికి ఆస్పత్రి మంచం మీద కళ్ళు లోపలికి పోయి పడున్నాడు.

"ఏ రకమో తెలియాలమ్మా," అంది డాక్టరు. "కాడ మొదట్లో, మట్టిలోపల, తెల్లటి గిన్నెలాంటిది ఉందా? అది విషానికి గుర్తు."

పిన్ని కోసింది కాడ వరకే. మొదళ్ళన్నీ అక్కడే, మట్టిలో ఉండిపోయాయి.

"మీరూ తిన్నారా?"

"ఉప్పు చూశానంతే. నా గొడవెందుకు, ముందు ఆయన్ని చూడండి!"

పిన్ని టార్చి పట్టుకుని పరిగెత్తింది. ఆ ఇంటి వెనక ఎటు చూసినా తడి ఆకులే. చేతులతో తోసింది, గోళ్ళతో గీరింది... కోసిన చోటు ఎంతకీ దొరకలేదు. అక్కడే కూలబడి భోరున ఏడ్చింది.

"తవ్వి చూశావా?"

చెవి పక్కనే ఆడగొంతు. అయినా కదల్లేదు.

"ఎక్కడ తవ్వనే తల్లీ... నీకు దండం పెడతా, చూపించు. ఆయన లేకపోతే నేను బతకలేను."

టార్చి వెలుగు పెరటి గుమ్మం మీద పడింది. అక్కడో పుట్టగొడుగు మొదలు — అప్పుడే తవ్వినట్టు తడిమట్టితో. దాని కింద, పగిలిన గుడ్డుపెంకులా తెల్లటి గిన్నె.

కొంగులో చుట్టుకుని పరుగందుకుంది. వెనక నుంచి ఆ గొంతు ఇంకోటి అడిగింది —

"మరి నువ్వు తిన్నావా?"

పిన్ని ఆగలేదు.

డాక్టరు దాన్ని చూసి మందు మార్చింది. బాబాయ్ గండం గట్టెక్కాడు.

ఇదంతా నాకు పిన్నే చెప్పింది... పక్క మంచం మీద నుంచి. ఆ రాత్రి పరుగులోనే కడుపులో నొప్పి మొదలైందట. ఎవరికీ చెప్పలేదు.

"ఉప్పు చూడటమేనా పిన్నీ?" అన్నాను ఏడుస్తూ.

"మూకుట్లో మిగిలింది పారేయడానికి మనసొప్పలేదురా బుడ్డోడా... తినేశాను."

అదే ఆఖరి మాట.

నిన్న పొద్దుపోయాక కావాలనే ఆ ఇంటివైపు వెళ్ళాను. వెనక ఆకులు కదిలాయి.

"తవ్వి చూశావా?" — కాసేపాగి, ఇంకా మెల్లగా — "బుడ్డోడా..."