తలకిందులైన గుట్టలు

జూన్ వాన. జపాన్‌లో నీగాట దగ్గర ఒక చిన్న ఊరి బడిలో ఒకటో తరగతి పిల్లల గుండె పరీక్షలు మధ్యాహ్నానికల్లా అయిపోయాయి. వ్యాయామశాలలో, ఈసీజీలు తీసే షిజుయె యంత్రం ముందు కూర్చుని, ఛాతీని పీల్చి పట్టుకునే రబ్బరు బుడ్డీలు ఆరూ తుడుస్తోంది. జిగట మందు, చెమట, తడిసిన మేజోళ్లు... ముప్ఫై ఏళ్లుగా అలవాటైన వాసనే. పోయినేడు నుంచి మాత్రం ముక్కుకు గుడ్డ కట్టుకుంటోంది.

పోయినేడు ఇదే పరుపు మీద నాగిసా అనే పిల్ల పడుకుంది. గుండె కొట్టుకున్నాక మళ్లీ సిద్ధమయ్యేదాకా పట్టే వ్యవధి, క్యూటీ, ఆ పిల్లకు మరీ సాగిపోయింది. పైగా గీతలో చివరి గుట్ట ఒకసారి పైకి, ఒకసారి కిందికి. గుండె లయ తప్పబోతోందనడానికి గుర్తు అది. షిజుయె చూపించింది. కురోసు డాక్టరు ఆవలిస్తూ, "పిల్ల కదిలుంటుందిలేమ్మా" అని, బాగానే ఉందని రాసేశాడు. ఆవిడా ఒప్పుకున్నట్టు కింద తన ముద్ర గుద్దింది. మూడు వారాలకు బడి ఈతకొలనులో దూకిన నాగిసా ప్రాణాలతో పైకి రాలేదు.

టిక్... టిక్...

యంత్రం దానంతటదే కాగితం కక్కుతోంది. తీగలు ఎవరికీ తగిలించి లేవు. గుట్ట పైకి... కిందికి... పైకి...

"కురోసు డాక్టరుగారూ, ఒకసారిటు రండి."

"పాడైపోయుంటుంది. నాకు పెట్టి చూడు. నాది గడియారంలాంటి గుండె!" చొక్కా విప్పి పడుకుని, పొద్దున తిన్న చేప వాసనతో తేన్చాడు.

ఆవిడ బుడ్డీలు పెట్టింది. వెచ్చగా ఉన్నాయి. చివరిది నొక్కగానే లోపలి నుంచి క్లోరిన్ నీళ్లు కారాయి. వెనకాలే చీమిడిలాంటి జిగట, అందులో ఉండచుట్టుకున్న పొడుగాటి వెంట్రుకలు. అంతా జారి ఆయన బొడ్డులో నిలిచింది.

"ఛీ! కడగవా వీటిని?"

"ఇప్పుడే కడిగాను..."

గుట్ట పైకి. కిందికి. క్యూటీ సాగుతోంది. డాక్టరు పెదవులు నీలం తిరిగాయి. బుడ్డీ ఊడి రాలేదు. గట్టిగా లాగింది. ప్చక్... కింద చర్మం రోజంతా నీళ్లలో నానినట్టు పాలిపోయి, ముడతలు పడి, ఆవిడ వేలికి మెత్తగా అంటుకుంది.

"క... కదిలాను... అంతే... అలాగే రాసెయ్."

"రాయను," అంది షిజుయె. "ఒకసారి ముద్ర వేసిన ఈ చేతిని చూస్తేనే నాకు అసహ్యం."

అంబులెన్సును పిలిచి, తనూ ఎక్కింది.

ఆసుపత్రిలో తీసిన ఈసీజీ శుభ్రంగా ఉంది. క్యూటీ సరిగ్గా ఉంది. తలకిందుల గుట్ట ఒక్కటీ లేదు. "అలసటై ఉంటుంది" అన్నారు.

డాక్టరు ఒంటి మీది దుప్పటి తీసిన నర్సు మాత్రం ఆగిపోయి షిజుయె వైపు తిరిగింది. "అక్కా... ఇవెవరు పెట్టారు?"

ఛాతీ మీద ఆరు ఎర్రటి గుండ్రని మచ్చలు, షిజుయె పెట్టినవి. వాటి మధ్య, ఏడేళ్ల పిల్ల ఛాతీకి సరిపోయేంత దగ్గర దగ్గరగా, ఇంకో ఆరు చిన్నవి.

నర్సు దూదితో తుడిచింది. తుడిచినకొద్దీ వాటిలోంచి నీళ్లు ఊరుతున్నాయి.